తాడు కింద పాత గుడ్డలు



మా ఇంటికి వచ్చినవాళ్లందరికీ తెలుసు, వరండాలో ఎప్పుడూ ఒక బొంత సగం కుట్టి ఉంటుంది. దాని మీద నా కళ్లజోడు, పక్కన సూదులూ దారపు ఉండలూ వేసుకున్న పాత బిస్కెట్ల డబ్బా. కొత్తగా వచ్చినవాళ్లు అమ్మగారు కుడుతున్నారనుకుంటారు. నేను కూర్చుని సూదిలోకి దారం ఎక్కించేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మొన్న ఒక పాస్టరుగారు వచ్చి, "బ్రదర్, వాక్యానికి సిద్ధపడే టైములో ఇదేం పనండీ?" అని నవ్వుతూనే అడిగారు. ఆయనకు సగం జవాబే చెప్పాను. మిగతా సగం మీకు రాస్తున్నాను. అందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. అది మీలో చాలామందికి తెలుసు గానీ ఎవరూ నా ముఖాన అనలేదు.

ముందు బొంత సంగతి.

ఈ పని మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆమె మిరప కోతలకూ పొగాకు పనికీ వెళ్లేది. ఎండాకాలం పనులు లేని మధ్యాహ్నాల్లో ఇంటి ముందు వేపచెట్టు కింద చాప పరిచి బొంత మొదలుపెట్టేది. ఏడాదంతా మూటగట్టి దాచిన పాత చీరలు, నాన్న పంచెలు, చినిగిన లుంగీలు అన్నీ వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో వేసేది. గంజి చుక్క మిగలకూడదు. అయిదున్నర మీటర్ల చీరను మధ్యకు మడిస్తే రెండు మీటర్ల డెబ్బై అయిదు వస్తుంది. మనిషి పొడవుకు సరిపోను, తలవైపు కాస్త మడిచి కుట్టుకోను కూడా మిగులుతుంది. అడుగున ఒక చీర పరిచి, దాని మీద ముక్కలు పేర్చుకుంటూ పోవాలి. ఒక పొరలో చిరుగు ఉన్నచోట పై పొరలో గట్టి ముక్క రావాలి. అలా మూడు నాలుగు పొరలయ్యాక పైన ఇంకో చీర. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, ముడతలు లేకుండా ఇద్దరం చెరోవైపు లాగేవాళ్లం. పొరలు జరిగిపోకుండా ముందు పొడుగు కుట్లు వేసి, ఆ తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ రావాలి. వరసకూ వరసకూ వేలెడు ఎడం. ఎడమ చెయ్యి అడుగున ఉండి సూదిమొనకు కాపు కాయాలి. ఆ చేతి వేళ్లకు పడ్డ పొడుపులే బొంత కుట్టేవాళ్లకు గుర్తు.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. బెంగాలులో కాంథా అంటారు, అక్కడా పాత చీరలూ ధోవతులే. ఉత్తర కర్ణాటకలో సిద్దీలని ఉన్నారు, ఎన్నో తరాల కిందట ఆఫ్రికా నుంచి మన దేశానికి వచ్చినవాళ్ల సంతానం. వాళ్ల ఆడవాళ్లు కుట్టే బొంతను కవంది అంటారు. వాళ్లు కూడా అంచున మొదలుపెట్టి మధ్యకు వస్తారు. ఆ మాట మొదటిసారి తెలిసినప్పుడు, మా అమ్మను ఎరిగినవాళ్లు ఎవరో కనబడ్డట్టు అనిపించింది.

అమ్మకు రెండు పట్టింపులుండేవి. మొదటిది, బొంతలో కొత్త గుడ్డ వేయకూడదు. దర్జీ దగ్గర మిగిలిన కొత్త ముక్కలు నేను పోగుచేసి తెస్తే పక్కన పెట్టేసేది. "మొదటి ఉతుకుకే ఇది ముడుచుకుంటదిరా, పక్కనున్న పాతదాన్ని లాగి చింపుద్ది" అనేది. పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేయడం గురించి మత్తయి తొమ్మిదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానాన్ని సెమినరీలో మాకు ఒక గంట సేపు వివరించారు. నాకు అది అప్పటికే తెలుసు, వేపచెట్టు కింద నేర్చుకున్నాను.

రెండోది, ఒంటికి తగిలే వైపు అన్నిటికన్నా ఎక్కువ నలిగిన చీర వేయాలి. రంగు బాగున్న చీర, ఇంకా గట్టిగా ఉన్న చీర అడుగుకు. వందసార్లు ఉతికి, ఉతికి, వెలిసిపోయి, చేత్తో పట్టుకుంటే జారిపోయే చీర పైకి. నాకు అది తిరకాసుగా ఉండేది. మంచి చీర పైకి కనబడాలి కదా? "చూసేవాళ్లకా బొంత, కప్పుకునేవాళ్లకా?" అనేది అమ్మ. పుట్టిన బిడ్డను మనం కొత్త గుడ్డలో పడుకోబెట్టం, అమ్మమ్మ పాత చీర వెతుకుతాం. కొత్తది గుచ్చుతుంది. పాతది నలిగి నలిగి మెత్తబడి ఉంటుంది.

నేను సెమినరీకి వెళ్లేటప్పుడు అమ్మ నాకో బొంత కుట్టి ఇచ్చింది. పైన ఆమె చీరాల నేత చీర, పెళ్లినాటిదట, ఆకుపచ్చ వెలిసి బూడిదరంగుకు వచ్చింది. హాస్టల్లో మిగతావాళ్లు దుప్పట్లు, రగ్గులు విప్పుతుంటే నేను నా ట్రంకుపెట్టె మూత వేసేశాను. డిసెంబరు చలిలో లుంగీ కప్పుకుని పడుకున్నాను గానీ బొంత బయటికి తీయలేదు. సంవత్సరాఖరున దాన్ని హాస్టల్ వాచ్‌మన్‌కు ఇచ్చేశాను. సెలవులకు ఇంటికొస్తే అమ్మ అడిగింది, "వెచ్చగా ఉంటందా అయ్యా?" అని. ఉంటుందన్నాను. వాక్యం చదువుకోవడానికి వెళ్లినవాడిని, కన్నతల్లితో అబద్ధమాడాను. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక, ఆమె పెట్టెలో మిగిలిన నాలుగు చీరలతో నా అంతట నేను మొదటి బొంత కుట్టాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ సూది వదల్లేదు.

ఇక నా తప్పు.

మన సంఘంలో ఒక తల్లి ఉంది. పేరు రాయను. ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను. రెండేళ్ల కిందట ఆమె కొడుకు బండి మీద వస్తూ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ట్రాక్టరు డ్రైవరు. సండే స్కూల్లో నా ముందు పెరిగినవాడు, క్రిస్మస్‌కు గుడి మీద స్టార్ కట్టేది అతనే. మూడో రోజు ప్రార్థనకు ఇల్లంతా జనం. ఆ తల్లి గోడకు తల కొట్టుకుంటూ ఏడుస్తోంది. నేను లేచి నిలబడి వాక్యం చెప్పాను. నిరీక్షణ లేనివారివలె మనం దుఃఖపడకూడదన్నాను. దేవుడు ఇచ్చాడు, దేవుడే తీసుకున్నాడన్నాను. విశ్వాసి ఇల్లు ఇలా ఉంటే అన్యులకు మన సాక్ష్యం ఏమవుతుందని కూడా అన్నాను. ఆమె ఏడుపు ఆపింది. వాక్యం పనిచేసిందనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆమె గుడికి రాలేదు. ఆ తర్వాత ఆదివారమూ రాలేదు. నాలుగు నెలలు గడిచిపోయాయి. పెద్దలను పంపాను. "ఒంట్లో బాగోలేదు" అని జవాబు. విశ్వాసంలో వెనుకంజ వేసింది అని నేను, దేవుడు నన్ను క్షమించును గాక, ఒకరిద్దరితో అన్నాను కూడా.

మా ఇంట్లో ఆవిడ మాత్రం నాతో చెప్పకుండా ఆ ఇంటికి వెళ్లి వస్తుండేది. ఒకరోజు రాత్రి అన్నం పెడుతూ అంది, "మీరు చెప్పింది తప్పుడు వాక్యం కాదండీ. కానీ ఆ రోజుకి ఆమె ఇంకా పిల్లాడి చొక్కాలు కూడా ఉతకలేదు. దండెం మీద అట్టాగే ఉన్నాయి. ఇప్పటికీ అట్టాగే ఉన్నాయి." నాకు ముద్ద దిగలేదు.

ఆ వారం నేను యిర్మీయా గ్రంథం వరసగా చదువుతున్నాను. ముప్పై ఎనిమిదో అధ్యాయం వచ్చింది. మీకు తెలిసిన కథే. యిర్మీయా దేవుని మాట ఉన్నదున్నట్టు చెప్పినందుకు అధిపతులు అతన్ని గోతిలోకి దింపారు. నీళ్లు లేవు, బురద ఉంది, ఆ బురదలో దిగబడిపోయాడు. రాజనగరులో ఎబెద్మెలెకు అనే కూషీయుడు ఉన్నాడు. పరదేశి, రాజు దగ్గర సేవకుడు. అతను బెన్యామీను ద్వారం దగ్గర కూర్చున్న సిద్కియా రాజు దగ్గరికి ధైర్యంగా వెళ్లి, ఆ మనిషి ఆకలికి చచ్చిపోతాడని చెప్పి, సెలవు పొంది, ముప్పైమంది మనుషుల్ని తీసుకుని బయలుదేరాడు.

ఇంతవరకూ ఎన్నిసార్లో ప్రసంగించాను. ఎబెద్మెలెకు ధైర్యం మీద మూడు పాయింట్లతో ప్రసంగం కూడా నా నోట్‌బుక్కులో ఉంది. కానీ ఆ తర్వాతి మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. అతను తిన్నగా గోతి దగ్గరికి వెళ్లలేదు. ముందు ఖజానా కింద ఉన్న గదికి వెళ్లాడు. అక్కడినుంచి పాత గుడ్డలు, చినిగి చీలికలైన బట్టలు తీసుకున్నాడు. వాటిని తాళ్లతో గోతిలోకి దించాడు. వీటిని నీ చంకల కింద, తాళ్లకు అడ్డంగా పెట్టుకో అని చెప్పాడు. యిర్మీయా అలా చేశాక అప్పుడు పైకి లాగారు.

పట్టణాన్ని శత్రువులు ముట్టడించి ఉన్నారు. ఊళ్లో రొట్టె లేదు. రాజు మనసు ఏ గంటకు మారుతుందో తెలియదు. అలాంటి తొందరలో ఒక మనిషి ఆగి, తాడు ఒరుసుకుంటే ఆ బక్కప్రాణికి చంకలు చీరుకుపోతాయే అని ఆలోచించాడు. ఆలోచించి, పాత గుడ్డలు ఎక్కడుంటాయో వెతికి తెచ్చాడు. కొత్త బట్టలు కావు, ఖజానాలోని బంగారమూ కాదు. ఎవరికీ పనికిరావని కింది గదిలో పడేసిన గుడ్డలు. పరిశుద్ధాత్మ దేవుడు అంత పెద్ద గ్రంథంలో ఆ చిన్న సంగతిని వదిలిపెట్టకుండా రాయించాడు.

బైబిలు మూయకుండా అలాగే చాలాసేపు కూర్చున్నాను. నేను ఆ తల్లికి చెప్పిన మాట తాడు. గట్టి తాడే, దేవుని వాక్యపు తాడు. కానీ చంకల కింద పెట్టుకోవడానికి గుడ్డముక్క ఒక్కటీ దించలేదు. ఇరవై ఏళ్లుగా పాత గుడ్డల మధ్య కూర్చుంటున్నవాడిని, నాకే తట్టలేదు. ఆమె గోతిలోనే ఉండిపోయిందంటే తాడు అంటే ఇష్టం లేక కాదు, ఒంటికి నొప్పెట్టి వదిలేసింది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. బైబిలు తీసుకెళ్లలేదు. "అమ్మా, ఆ రోజు నేను తప్పు చేశాను. నీ ఏడుపు ఆపే హక్కు నాకు లేదు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మంచినీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను. ఆ తర్వాత వారానికోసారి వెళ్లేవాణ్ణి. ఆమె మాట్లాడితే వినేవాణ్ణి, లేకపోతే గుమ్మంలో కూర్చునేవాణ్ణి. మూడో నెలలో అనుకుంటా, ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టింది. "అయ్యగారూ, మీరు బొంతలు కుడతారు గదా" అంది. అయిదు చొక్కాలు, రెండు లుంగీలు, ఒక తువ్వాలు.

ఇంటికి తెచ్చి విప్పాను గానీ కత్తెర ఆడలేదు. ఒక గళ్ల చొక్కా చేతి మీద ట్రాక్టరు గ్రీజు మరక ఉంది. దాన్ని పిండాలా, ఉంచాలా? జేబులు విప్పాలా? నాకు తెలియలేదు. వెనక్కి తీసుకెళ్లి ఆమెనే అడిగాను. "మరక ఉండనీయండి. జేబు కూడా ఉండనీయండి" అంది. కాసేపాగి, "నేనే వచ్చి చింపుతా, మీకు చేతకాదు" అంది. ఆ సాయంత్రం మన వరండాకు వచ్చింది. కుట్లు ఊడదీసి, మొదటి చొక్కాను రెండు చేతులా పట్టుకుని చర్రుమని చింపింది. ఆ చప్పుడుకు ఆమె ఏడ్చిన ఏడుపు, మూడో రోజు నేను ఆపిన ఏడుపే. ఈసారి నేను ఆపలేదు. అమ్మగారు వచ్చి పక్కన కూర్చుంది.

తర్వాత చాలా రోజులకు ఫోన్లో ఒక సంగతి చదివాను. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా ఉన్నవాళ్ల మనవలూ మునిమనవలూ అక్కడ కౌలు చేసుకుని బతికారు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ గారు వెళ్లి ప్రసంగించిన ఊరు. ఆ ఊరి ఆడవాళ్లు కుట్టిన బొంతలు 2002లో పెద్ద మ్యూజియంలో పెట్టారు, 2006లో తపాలా బిళ్లల మీద కూడా వేశారు. అక్కడ మిజోరి పెట్వే అనే ఆమె భర్త పోయాక, 1942లో, అతను పొలానికి వేసుకెళ్లిన బట్టలు తీసి బొంత కుట్టింది. అతన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి. ఆ బొంత ఫొటో ఆ తల్లికి చూపించాను. చాలాసేపు చూసి, "ఆమెకీ మోకాళ్ల దగ్గరే వెలిసినట్టున్నాయి గుడ్డలు" అంది. ఎక్కడ అలబామా, ఎక్కడ మన ఊరు!

బొంతకు అడుగు చీర నేనిచ్చాను. లోపలి పొరల్లోకి లుంగీలు, తువ్వాలు వెళ్లాయి. చొక్కాల ముక్కలు పైకి రావాలంది ఆమె. అమ్మ చెప్పిన రెండో నియమం నాకు గుర్తొచ్చింది. అందులో ఎక్కువ నలిగిన గుడ్డ ఏదని చూస్తే ఆ మరకున్న చొక్కాయే. దాన్ని తలవైపు పెట్టాం.

కానీ ఆ రోజుల్లో నేను చూసిన ఇంకో సంగతి చెప్పాలి. మన సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. తొమ్మిదేళ్ల కిందట ఆమె కూతురు కాన్పులో పోయింది. ఆమెకు చదువు రాదు, ప్రార్థన చేయమంటే రెండు మాటలు చెప్పి ఆమేన్ అంటుంది. కమిటీల్లో ఆమెను ఎవరం అడగం. నేను పిలవకుండానే ఆమె రోజూ సాయంత్రం వచ్చి, బొంతకు ఆ చివర కూర్చుని సూది పట్టేది. అయిదు వారాలు ఇద్దరూ ఎదురెదురుగా కుట్టుకుంటూ మధ్యకు వచ్చారు. వాళ్లు మాట్లాడుకున్నది నేను విన్నంతలో చాలా తక్కువ. ఒకరోజు ఆ తల్లి, "పెద్దమ్మా, ఎన్నాళ్లకు తగ్గుద్ది?" అని అడిగింది. ఆమె సూది ఆపకుండా, "తగ్గదు బిడ్డా. మోయడం అలవాటవుద్ది" అంది. నిరీక్షణ గురించి నేను చెప్పిన అరగంట ప్రసంగం విని ముడుచుకుపోయిన మనిషి, ఆ ఒక్క మాటకు తల ఊపి, నిట్టూర్చి, మళ్లీ సూది దించింది.

మనకు కలిగిన శ్రమలో దేవుడు మనలను ఆదరించేది, అదే ఆదరణతో మనం ఇతరులను ఆదరించడానికని పౌలు రెండో కొరింథీయుల మొదటి అధ్యాయంలో రాశాడు. నేను ఆ వచనాన్ని గ్రీకు మాటలతో సహా చదువుకున్నాను. దాని అర్థం ఆ పెద్దమ్మ సూది దగ్గర కనబడింది. బాగా నలిగిన గుడ్డే ఒంటికి తగిలే వైపు ఉండాలని మా అమ్మ ఎందుకందో అప్పుడు తెలిసింది. మన సంఘంలో బాగా నలిగినవాళ్లను మనం ఎక్కడ ఉంచుతున్నాం? వెనక చాప మీద. ముందువరసలో గంజి పెట్టిన బట్టల వాళ్లం కూర్చున్నాం, నాతో సహా.

మన ప్రభువు సంగతి చూడండి. లాజరు సమాధి దగ్గరికి వెళ్లేటప్పటికే తాను అతన్ని లేపబోతున్నానని ఆయనకు తెలుసు. ఇంకొన్ని నిమిషాల్లో ఆ ఏడుపంతా సంతోషం కాబోతోంది. అయినా మరియను ఏడవొద్దని అనలేదు. ఆమె ఏడవడం చూసి తానూ కన్నీళ్లు విడిచాడు. పునరుత్థానము నేనే అని చెప్పిన నోటితోనే అంతటి సత్యం చెప్పి, అంతటి కన్నీరు కార్చాడు. తాడూ ఆయనదే, మెత్తని గుడ్డా ఆయనదే. నేను ఒకటి పట్టుకుని రెండోది మరిచిపోయాను.

ఆ తల్లి ఇప్పుడు గుడికి వస్తోంది. పాటలప్పుడు ఇంకా నోరు విప్పదు. ఆమె భర్త ఇంకా రావడం లేదు, ఆయన దగ్గరికి వారంవారం వెళ్తున్నాను, ఎక్కువగా పొలం గట్టున కూర్చుని వస్తున్నాను. అంతా బాగైపోయిందని రాయడానికి లేదు. మీరు ప్రార్థించండి.

మీకు నాదొక మనవి. ఇకమీదట చావు ఇంటికి వెళ్లినప్పుడు మొదటి మూడు రోజులు వచనాలు చెప్పే పని పెట్టుకోకండి. నీళ్లు పట్టండి, పశువులకు మేత వేయండి, పిల్లలకు అన్నం పెట్టండి, ఊరికే కూర్చోండి. ఏడ్చేవాళ్లను ఏడవనీయండి. వాక్యానికి సమయం వస్తుంది. అది వచ్చేసరికి మీరు కింద పెట్టిన గుడ్డలు సరిపోయి ఉండాలి. నేను మళ్లీ తొందరపడి తాడు విసిరితే, పెద్దలైనా సరే, పిల్లలైనా సరే, నన్ను ఆపండి.

ఇప్పుడు వరండాలో ఉన్న బొంత చలికాలంలోపు అవ్వాలి. మన ఊరి చివర కొత్తగా వచ్చిన ఇటుకబట్టీ కుటుంబంలో చంటిబిడ్డ ఉంది, ఆ బిడ్డకు. ఇంట్లో పాత నూలు చీరలుంటే ఆదివారం తెండి. పాలిస్టర్ వద్దు, చెమట పీల్చదు. చిరుగులున్నా పరవాలేదు. కొత్తవి మాత్రం తేవద్దు.

సమస్త ఆదరణనిచ్చు దేవుడు మిమ్మల్నీ మీ ఇండ్లనూ ఆదరించును గాక. ఆమేన్.